చేతులున్న బొంత

పుదుపేటలో ఆదివారం పొద్దున
కార్లని కోళ్ళలా కోస్తారు.
తలుపులొకచోట, గుండెకాయలొకచోట,
గోనెపట్టా మీద పరిచిన సైడు అద్దాలు
ఒక్కోటి ఒక్కో మబ్బుతునక పట్టుకుని.

"ఏ బండికి?" అన్నాడు జలీల్ భాయ్.
బండికి కాదు, నాకు, అన్నాను.
నా ఛాతీని కిందికీ మీదికీ చూసి
లోపల్నించి పాత అంబాసిడర్ బానెట్ ఒకటి ఈడ్చుకొచ్చాడు.
"ఇప్పటి బండ్ల రేకు అప్పడం. ఇది విను" అని
వేలి కణుపుతో కొట్టాడు.
ఖాళీ కాగు పలికినట్టు పలికింది.

శాసనాల్లో
దీపానికి ఎన్ని గొర్రెలిచ్చారో రాశారు,
తూము కింద ఎన్ని మర్తుర్ల పొలమో రాశారు.
కాలిబంటు ఒంటిమీద ఏముండేదో
రాతికెక్కించేంత సంగతి కాదు కాబోలు.
కనుక ఊహించుకోవాలి.
ఈ ఊళ్ళో ఊహ కూడా కిలోల్లెక్కనే దొరుకుతుంది:
మణ్ణడిలో స్ప్రింగు వాషర్లు పదకొండు కిలోలు తూయించాను.

పెరియమేట్‌లో ఏకాంబరం
గేదెతోలు పట్టీని మడిచి, వదిలి, వాసన చూపించాడు.
"తంగేడు పట్టతో పదును చేసింది. మందు కాదు."
తర్వాత అందరూ అడిగేదే అడిగాడు, ఏ నాటకం?
నాటకానికైతే అట్టముక్కా బంగారు కాగితం చాలు కదా.
సినిమానా? కాదు.
మరి కొట్లాటా?
అదీ కాదండీ. జనవరిలో ఒక మైదానం, ముప్పై మందిమి,
మొద్దు కత్తులు, అయ్యాక పెరుగన్నం.
ఇంకేమనాలో తెలీక
"బరువు కోసం" అన్నాను.
అర్థమైనట్టు తలూపాడు.
నాకింకా కాలేదు.

పాత వణ్ణారపేటలో పెంచలమ్మ పరుపులు కుడుతుంది.
నెల్లూరు యాసని నలభై ఏళ్ళుగా
మడత నలగకుండా దాచుకుంది.
పన్నెండు పొరల పాతచీరలు, నడుమ దూది,
వేలెడు దూరానికో కుట్టు, చెప్పుకుంటూ పోయాను.
"కుట్టమంటే కుడతా గాని నాయనా,
బొంతకి చేతులెందుకు?"
కత్తి దిగకుండా అన్నాను. బాణం ఆగడానికి అన్నాను.
"ఎవురేస్తా వుండారు నీ మింద బాణాలు?"
మిషను ఆపి నవ్వింది.
ఒక్కతే నవ్వలేక పక్కింటివాళ్ళని కూడా పిలిచింది.

నవ్వులయ్యాక కొలత తీసింది.
భుజం దగ్గర టేపు ఆగింది.
"మా ఆయన హార్బర్లో మూటలు మోసేవోడు.
కుడిభుజం మింద కాయ, నిమ్మకాయంత.
ఆయనకెవురూ కుట్టలా.
నేనే కుట్టుండచ్చు. తోచలా."
మళ్ళీ మిషను నడిచింది.

రాత్రిళ్ళు రెండు చేతుల్లో రెండు కటింగ్ ప్లేయర్లు.
ఒక రింగు తెరువు, నాలుగు తగిలించు, మూయి.
చప్పుడుకి మొదట తలుపు బాదిన పక్కవాటా సుకుమారన్ గారు
ఇప్పుడు కళ్ళజోడు తుడుచుకుని ఎదురుగా కూర్చుంటున్నారు.
ఇద్దరం కలిసి పూటకి అరచెయ్యంత అల్లుతాం.
సముద్రపు గాలి మాత్రం
రాత్రికి గజమంత తుప్పు పట్టిస్తుంది.

మైమరువు అనేవారట దీన్ని, పాత తెలుగులో.
మేనిని మరుగుపరిచేది.
జలీల్ భాయ్‌ని బిల్లులో ఆ మాట రాయమన్నాను, సరదాకి.
"బానెట్ ఒకటి, పాతది" అని రాసిచ్చాడు.

మొన్న మొత్తం తొడుక్కుని డాబా ఎక్కాను.
పద్దెనిమిది కిలోలు, మే నెల.
రెండో అంతస్తుకే మోకాళ్ళు
ఏ శాసనంలోనూ లేని సంగతులు చెప్పడం మొదలెట్టాయి.
ఛాతీ రేకు లోపలివైపు ఒక సొట్ట,
ఎంత సుత్తి వేసినా లేవలేదు.
ఎవరి బండో, ఏ మలుపులో ఏం తగిలిందో,
ఎడమ పక్కటెముకకి ఆనుకుంటోంది.
ఉండనిచ్చాను.

కిందికొచ్చి విప్పి చూస్తే
బొంత భుజాల దగ్గర, నేను చెప్పనిచోట,
ఇంకో నాలుగు పొరలున్నాయి.
లెక్కలో వెయ్యలేదు ఆవిడ.

ఒళ్ళంతా పచ్చిపుండు.
భుజాలు మాత్రం నొయ్యలేదు.