రాసెటోడు

మార్చి నెలొస్తే నా చేతులకు పోలీసు నౌకరి పడ్తది.
చండూరు సెంటర్ల గేటు కాడ నిలబడి
పిల్లల జేబులు తడుముత, సాక్సులు తడుముత.
బస్టాండు కాడి జిరాక్సోడు
గైడును గోరంత చేసి అమ్మిన చిట్టీలు
ప్యాడు కింద గమ్ముతోని అంటిచ్చినయి కొన్ని,
అరచెయ్యిల చెమటకు అలికినయి కొన్ని.
అన్ని బకీట్ల వేస్త.
చదవకుండ వేస్త.

ఇయ్యాల ఒక పిలగాడు దాచలే,
చిట్టీ తెచ్చి నా చేతిలనే పెట్టిండు.
"సార్, మీరెన్నడన్న కొట్టిన్రా?" అన్నడు,
నవ్వుకుంటనే.
లోపలికి పో, టైమైంది అన్న.

కాపీ కొట్టలే.
నాకా అవుసరం పడలే.
నేను కొట్టేసింది వేరే.

తొమ్మిదిల ఉన్నప్పుడు హెడ్మాస్టరు పిలిచి
నీ దస్తూరి ముత్యాలసొంటిది,
అండాలుకు పదో తరగతి పరీక్షలు నువ్వే రాయాలె అన్నడు.
మర్రిగూడ దిక్కు పిల్ల.
బోరు నీళ్లు తాగి తాగి మోచేతులు కొడవళ్లయినయి.
ఆమె పెన్ను పట్టుకుంటే
పెన్నే ఆమెను పట్టుకొని గుంజినట్టుండేది.

మా ఇద్దరిని స్టోరురూముల కూసోబెట్టిన్రు.
జెండా కర్ర, అడుగు ఊడిన గ్లోబు, సున్నం డబ్బాలు.
కాపలా సారు పేపరు మొకం మీద కప్పుకొని నిద్ర.
ఆమె చెప్పాలె, నేను రాయాలె.
అచ్చరం ఎక్కువ గాదు, తక్కువ గాదు.

సోషల్ నాడు క్విట్ ఇండియా నలభై మూడు అన్నది.
నలభై రెండు రాసిన.
చూసిందో లేదో, ఏమనలే.
ఇంటికి పొయ్యేటప్పుడు
ఎవలికో దానం చేసినట్టు సైకిలు తొక్కిన.

సైన్సుల వచ్చింది ఆ నాలుగు మార్కుల ప్రశ్న:
తాగునీటిలో ఫ్లోరైడు అధికమైనచో కలుగు నష్టములేవి?

ఎప్పుడు నవ్వినా పండ్లు కనవడకుండ
తలకాయే చెయ్యి కాడికి వంచుకునే పిల్ల
ఆనాడు వంచలే. అట్లనే నవ్వింది.
రాయి, అన్నది.

"మా నాయిన ఎనుకకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలె.
మా అమ్మ నెత్తి నాకు దువ్వ రాదు,
నా నెత్తి మా అమ్మకు దువ్వ రాదు,
ఇద్దరం జుట్లు ఇరబోసుకొని
పక్కింటి పోశవ్వ పనికెళ్లి ఎప్పుడొస్తదా అని కూసుంటం.
తమ్మునికి పదేండ్లు. నడిస్తె
మోకాళ్లు ఒకదానికొకటి దండం పెట్టుకుంటయి.
సర్కారోళ్లొచ్చి సీసలల్ల నీళ్లు పట్టుకపోతరు.
సీసలు మల్ల రావు.
రాసినవా?"

పెన్ను ఆగింది.
ఇది గైడుల లేదు.
గైడుల ఉన్నది నాకు పేజీతోని సహా వచ్చు.
దంతములు గారపట్టును.
ఎముకలు పెళుసుబారును.
కీళ్లు బిగుసుకొనును.
పరిమితి లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు.
స్కేలు పెట్టి కింద గీత గీసిన.

రాసిన, అన్న.
కాయితం దిక్కు మెడ తిప్పబోయింది.
అప్పటికే ఆ మెడ సగమే తిరిగేది.

పాసైంది.
మెమో తీసుకపోను వచ్చిననాడు
వాళ్ల నాయిన గీయించిన తాటి ముంజలు
నాకోసం ఆకుల చుట్టి తెచ్చింది.
"సైన్సుల్నే ఎక్కువొచ్చినయి తెలుసా,
నేను చెప్పింది
ఆ దిద్దేటోళ్లకు సమజైనట్టుంది."

ముంజ కొరికిన.
నీళ్లు అంగి మీద కారినయి.
నోట్లె ముంజున్నది గద,
మాట్లాడకపోయినా నడిచింది.

గంట కొట్టిన్రు. పేపర్లు కట్టలు కట్టిన,
దారం పండ్లతోని తెంపిన.
సాయంత్రం రిపోర్టుల ఒక గడి ఉంటది,
మాల్‌ప్రాక్టీసు కేసులెన్ని అని.
ఏటేటా రాసినట్టే
నిల్ అని రాసి సంతకం పెట్టిన.

దస్తూరి
ఇంక అట్లనే ఉన్నది.