జానెడు గీత

భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గేటు బయట
తెల్లారగట్ల నాలుగింటికి
పొక్లెయిన్‌ను ట్రైలర్ మీదికి ఎక్కించినం.
ఇరవై ఒక్క టన్నులు.
ర్యాంపు పలకలు మూలిగినయి.
దాని లైట్లు ఒక్కసారి మొగులు దిక్కు చూసి
మళ్ళ కిందికి దిగినయి.

రంజిత్ కొత్త పోరడు. పనిల చేరి పదకొండు దినాలు.
ఎక్కింది గదా కాకా, ఇగ పోదాం, అన్నడు.

ఎక్కుడు ఒక పని కాదు బిడ్డా.
ఎక్కినంకనే పని మొదలైతది.

ముందుగాల పట్టాల సందుల మట్టి గీకు.
బొగ్గుబాయి బురద సబ్బు తీరు.
ఎండిందనుకుంటవు,
చుక్క వాన తగిలితే మళ్ళ సబ్బే.
బకెట్‌ను దించి మొద్దు మీద ఆనియ్యి,
అలిసిన ఎద్దు గడ్డం నేలకానిచ్చినట్టు.
మీద తిరిగే తలకాయకు పిన్ను ఎయ్యి.
వెదురుకట్టెతోని ఎత్తు కొలువు,
పరకాల బజార్ల కరెంటు తీగలు కిందికున్నయి.
తాళంచెవి నీ జేబుల పెట్టుకో.
నా జేబుల కాదు.

గొలుసులు నాలుగు, నాలుగు మూలలకు.
ముందటివి ముందుకు గుంజాలె, ఎనుకవి ఎనుకకు.
మెలిక పడ్డ గొలుసు కులపెద్ద మాట తీరు,
చూడనీకె గట్టిగనే ఉంటది,
దెబ్బ పడ్డనాడు ఇప్పుకుంటది.
ఒక్కొక్క కడియం ఏలుతోని తడుము.
అంచు తగిలేకాడ పాత టైరు ముక్క పెట్టు.
లివరు గుంజేటప్పుడు మొఖం పక్కకు పెట్టు.
సదయ్యకు ముందటి పండ్లు రెండు లేవు గదా,
అది ముసలితనం గాదు.
గుంజినంక పిడిని తీగతోని కట్టు,
దానంతట అది లేవకుంట.

ఎంత గట్టిగ గుంజాలె కాకా?

సుత్తెతోని కొట్టి ఇను.
బిగిసిన గొలుసు ఠంగుమంటది.
సడలింది లోపల్లోపల గొణుగుతది.

కొట్టిండు. నాలుగోది గొణిగింది.
ఇంకొక్క కడియం లోపలికి కొక్కెం ఎక్కించినం.

ఇంత బరువు ఏడికి పోతది కాకా, అన్నడు
చెమట తుడుచుకుంట.

టార్చిలైటు తీసుకొని
ట్రైలర్ పలక మీద కుడి పక్కకు చూపించిన.
జానెడు గీత.
ఇనుము ఇనుమును రాసిన గీత.

ఏడేండ్ల కింద, గూడెప్పాడు మలుపు.
ఎదురుంగ బడిపిల్లల ఆటో.
బ్రేకు తొక్కిన. బండి ఆగింది.
పొక్లెయిన్ ఆగలె.
జానెడు దూరం నడిచొచ్చి
నా ఈపు ఎనుక నిలబడ్డది.
ఎవ్వలికి ఏం కాలె. పేపర్ల రాలె.
ఆటోల పిల్లలు నాకు చేతులూపిన్రు.
ఓనరుకు చెప్పలె, ఇంట్ల చెప్పలె.
ఆ పొద్దు మూడు గొలుసులే కట్టిన.
నాలుగోది సీటు కింద గోనెసంచిల ఉండె.
నాకు నిద్రొస్తుండె.

అటెన్క బండికి రెండుసార్లు రంగేసిన్రు.
ఆ గీత మీదికి బ్రష్షు రానియ్యలె నేను.

చెల్పూరు దాటినంక పక్కకు ఆపిన.
కొంచెం దూరం పోతెగాని బరువు సర్దుకోదు,
బస్సెక్కిన అవ్వ తీరు,
కాళ్ళకింది సంచిని అటు జరిపి ఇటు జరిపి
రెండు స్టేజీలు దాటినంక కుదురుగ కూసుంటది.
దిగి చూసొద్దామని నేను చెప్పులేసుకునేసరికి
వాడు అప్పటికే కింద ఉన్నడు.
తుంపర పడుతున్నది.
ఎర్రగుడ్డ తడిసి కొసకు అతుక్కున్నది.
అద్దంల వాడు కనవడలె, సుత్తె ఇనవడ్డది.
ఠంగు.
ఠంగు.
ఠంగు.
తర్వాత శానసేపు ఏం లేదు.

చేతుల గ్రీజు పాంటుకు రాసుకుంట వచ్చిండు.
ఒకటి సడలింది కాకా.
ఎంత?
బొటనేలంత.
గుంజినవా మరి?
గుంజిన. తీగ గూడ కట్టిన.
తలుపేసుకొని, కొద్దిగ ఆగి, అన్నడు:
మొఖం పక్కకే పెట్టిన.