సైరన్ మీట

జయపురం మెయిన్ రోడ్డు, మిట్టమధ్యాహ్నం.
సాహు స్పేర్ పార్టుల కొట్టు ముందు ఆపితే
బండి కుడి పక్కకి కాస్త ఒరిగి నిలబడింది.
"ఏటమ్మా, అంబులెన్సు తెచ్చీసినావు, ఎవలికేటైంది?"
"ఎవలికీ ఏటీ అవలేదు. ఇదిప్పుడు ఇల్లు.
వెనక టైర్లో గాలి దిగిపోతోంది."

వేలంలో కొన్నాను దీన్ని.
ముప్పై ఒక్కేళ్ళు ఆసుపత్రి సిస్టరుని,
అందులో పదకొండేళ్ళు ఈ బండిలోనే,
నందపూర్, లమతపుట్ కొండల మీంచి
ఎవరి చెయ్యో పట్టుకుని కిందికి దిగడం.
స్ట్రెచర్ ఉన్న చోట ఇప్పుడు మంచం.
ఆక్సిజన్ మూలన గ్యాసు పొయ్యి.
సెలైన్ కొక్కేనికి ఉల్లిపాయల సంచి.
కాళ్ళు పెట్టే వైపు తల పెట్టుకుని పడుకుంటాను.

సాహు మూడు పెట్టెలు దించాడు.
మొదటిది ఎర్రగా, పిల్లల బొమ్మంత.
సిగరెట్ లైటర్ కన్నంలో దూరిస్తే చాలట.
అట్ట మీద నూట యాభై అని అచ్చేశారు.
అట్టల మీద రాతలు నేనెరగనివా,
గడువు దాటిన సిరప్పు మీదా
బలవర్ధకం అనే ఉంటుంది.
"ఆపకుండా ఎన్ని నిమిషాలు ఆడుతుంది?"
కళ్ళజోడు వెతుక్కున్నాడు. "ఎనిమిది.
ఆనక అరగంట చల్లారనియ్యాల."
నా వెనక టైర్లకి అరవై కావాలి.
ఇది నలభై దాకా ఎక్కి
ఆయాసంతో చతికిలబడే రకం.
ఆయాసం చెవికి తెలిసిపోతుంది నాకు.

రెండోది కాలితో తొక్కేది.
"గట్టిగానే ఉన్నారు కదా" అన్నాడు కొట్లో కుర్రాడు బుద్ర.
నా మోకాలి వైపు చూశాను.
మోకాలు ఏమీ అనలేదు.

మూడోది రెండు సిలిండర్లది, నల్లది,
ఎత్తితే నెలలు నిండిన బిడ్డంత బరువు.
బ్యాటరీని నేరుగా కరుచుకునే క్లిప్పులు.
నాలుగువేల ఎనిమిదొందలు.
"గొట్టం ఎంతుంటుంది?"
"శానా పొడుగమ్మా."
శానా నొప్పి, కూసింత నొప్పి,
ఈ కొలతలతోనే ఉద్యోగమంతా గడిచింది.
బ్యాటరీ నుంచి వెనక చక్రం దాకా
నడిరోడ్డు మీద మూరలేశాను, పదకొండు.
తీగె, గొట్టం కలిపితే పన్నెండు.

"ఆడించి చూపించు."
అది మొదలెట్టగానే
మెట్ల కింద కుక్క లేచి వెళ్ళిపోయింది.
పంపు అరవై అంది.
సంచిలోంచి నా సొంత మీటరు తీసి పెడితే
యాభై ఐదు.
"మీదే తక్కువ సెప్తందేమో" అన్నాడు సాహు, మొహం ముడుచుకుని.
కావచ్చు. ఏ యంత్రం మాటా
రెండో యంత్రాన్ని అడక్కుండా నమ్మలేదు నేను.
బుద్ర పరిగెత్తి
లారీ యూనియన్ వాళ్ళ మీటరు పట్టుకొచ్చాడు.
యాభై ఐదు.
మూడొందలు తగ్గించాడు సాహు.
పంపు వీపు మీద మార్కరుతో రాశాను:
ఐదు తీసెయ్యి.

అయినా ఇది అసలు లెక్క కాదు.
పరిగెత్తుకొచ్చిన మనిషికి బీపీ చూడరు,
దౌడు తీసిన టైరుకీ అంతే.
తెల్లారగట్ల, ఒళ్ళు చల్లగా ఉన్నప్పుడు చూడాలి.

పక్క షెడ్డులో గౌరాంగ వైరింగు చేస్తాడు.
వేలానికి ముందే సైరన్ పీకేశారు గానీ
డ్యాష్‌బోర్డు మీద దాని ఎర్ర మీట ఉండిపోయింది.
"పంపుని దీనికి తగిలించు."
"తీగె సన్నం సిస్టర్, కాలిపోద్ది."
లావు తీగె లాగి, రిలే ఒకటి బిగించి,
మీట మాత్రం అదే ఉంచాడు.
ఈలోగా రెండు టీలు, ఒక వాన.

మర్నాడు పొట్టంగి ఘాటు మొదట్లో తెల్లారింది.
మంచులో నా చెయ్యే నాకు కనపడలేదు.
తడుముకుంటూ టైరుకి గొట్టం బిగించి వచ్చి
మీట నొక్కాను.
నొక్కగానే
తల దానంతటదే వెనక్కి తిరిగింది,
ఊపిరి ఉందా అని చూడ్డానికి.
మంచం మీద నలిగిన దుప్పటి.
కొక్కేనికి ఊగుతూ ఉల్లిపాయలు.
బయట పంపు గొంతు చించుకుంటోంది.

దిగి వెళ్ళి, టార్చి వేసి, వంగి,
అరవై ఐదు దగ్గర ఆపాను.