ఓబన్‌లో రెండో ఆట

ఆట వదిలాక పాప్‌కార్న్ ఊడుస్తుంటే
చెవిన పడే మాటలే నా జీతంలో కొసరు.

ప్రేమ సినిమాలన్నిటినీ వెక్కిరించే సినిమా అది.
హీరో విమానాశ్రయంలో పరుగెత్తుతాడు,
ట్రాలీలు గుద్దుకుని, బూటు జారి,
ఆఖరికి ఎవరో తెలియని అమ్మాయి ముందు మోకరిల్లుతాడు.

ఇష్‌బెల్ పొట్ట పట్టుకుంది.
కళ్లజోడు తీసి రెండుసార్లు తుడుచుకుంది.
ఫెర్గస్‌కి పెదవైనా కదల్లేదు.
"నవ్వడానికేముంది ఇందులో?"
"నవ్వకపోవడానికేముంది?"

వెనక వరస కుర్రాళ్లు
పాతచింతకాయ పచ్చడని సగంలోనే లేచిపోయారు.
చేపల కొట్టు మర్డీనా అయితే
అది వెక్కిరింతని తెలియక
ఆసాంతం ఏడ్చి, బాగుందంది.

తలుపు దగ్గర వాన.
గొడుగు విప్పబోతూ ఫెర్గస్ ఆగాడు.
"డెబ్బైతొమ్మిదిలో రేవుకి నేనూ అలాగే పరుగెత్తాను.
నా కళ్లముందే పడవ కదిలిపోయింది."

ఇష్‌బెల్ నవ్వు గొంతులోనే నిలిచింది.
ఆ పడవలో ఉన్నది తను కాదు.

చీపురు ఆపేశాను.
గొడుగు మీద చినుకులు తప్ప మాట లేదు.

చాలాసేపటికి అడిగిందావిడ:
"మరి, బూటు జారిందా?"

"రెండూ."