మూతకున్న బొక్క

పదకొండుసార్లు గుంజిన తాడు.
పన్నెండోసారికి రెట్ట ఊడి చేతులకొచ్చినట్టయింది.
వీడరు మాత్రం కిమ్మనలే.
పత్తి చెల్కల, సాళ్ళ నడుమ
అలిగిన దున్నపోతోలె ముక్కు నేలకానిచ్చి నిలవడ్డది.

పునర్వసు కార్తె. మొన్నటి వానకు
తుంగ నా పిక్కలదాక లేసింది,
పత్తి ఇంకా జానెడే.
కూలికి పిలుద్దామంటే
ఆటోలన్నీ పొద్దుగాలనే మర్రిగూడ దిక్కు పోయినయి.
సంఘంల తెచ్చిన అప్పు మాత్రం
యాడికీ పోలే.

మౌలాలి మామకు ఫోన్ జేసిన.
చండూరు కాడ షాపు మూసి
కాలిరిగి మంచంల వడి నెలయింది.
"నేను రాకున్నా చెవులొస్తయి అండాలూ,
ఫోను ఇంజన్ పక్కన వెట్టి గుంజు."

గుంజిన.
"గాలి మింగుతంది, మంచిదే. ప్లగ్గు ఇప్పు.
తడిగున్నదా, పొడిగున్నదా?"

పొడిగ, మామా.
మా నాయిన ఏసిన ఏడు బోర్లోలె పొడిగ.

నవ్విండు. నవ్వుతే కాలు నొచ్చినట్టుంది, ఆగిండు.
"అయితే తప్పు నిప్పుది కాదు.
ట్యాంకుల పెట్రోలు ఎప్పటిది?"
యాసంగిల వోసింది.
"వాసన జూడు."
పెట్రోలు వాసన లేదు,
మూత దీసి మర్సిన రంగుడబ్బ వాసన.
"పెట్రోలు గూడ ముసలిదైతది బిడ్డా.
ఆర్నెల్లు మూలకు వెడితే
మండుడు మర్సిపోయి బంకైతది."

పాతది పారవోసిన.
పది నంబరు పానాతోని
కార్బొరేటర్ కింది గిన్నె ఇప్పిన.
అడుగున పచ్చటి జిగురు.
నడిమిట్ల ఇత్తడి జెట్టు, దానికో బొక్క ఉండాలంట,
నాకైతే కనవడలే.
"సూది వెట్టేవు! బొక్క పెద్దగైతే
బండి తాగుబోతైతది.
ఏదన్న వైరు కోసి ఒక్క రాగిపోగు దియ్యి."
మోటరు డబ్బకు యాలాడుతున్న వైరొకటి
కొడవలితోని పుటుక్కున కోసిన.
పోగు దూర్చిన, తిప్పిన, నోటితోని ఊదిన,
నాలికె చేదు.
జెట్టును కంటికానించి పైకి జూస్తే
ఆవగింజల సగమంత
మొగులు కనవడ్డది.

లేసింది!
తెల్లపొగ, నల్లపొగ, తర్వాత పొగే లేదు.
రెండు సాళ్ళు తుంగను
మన్నుతోని కలిపి నమిలింది.
మూడో సాలు సగంల
దగ్గింది, ఆగింది.
కొంచెంసేపైనంక లేసింది. మళ్ళ ఆగింది.
నేను నేల మీద కూలవడ్డ.
మామా, ఇది నా మీద పగ వట్టింది.

మౌలాలి మామ సప్పుడు జెయ్యలే.
మంచం కిర్రుమన్నది.
"ఆగినంక ఎంతసేపటికి లేస్తంది?"
కుండ కాడికి పోయి నీళ్ళు తాగొచ్చినంత సేపటికి.
"ఈసారి ఆగంగనే నీళ్ళకు పోకు.
ట్యాంకు మూత తిప్పు. చెవి వెట్టు."

నాలుగో సాలు మొదట్ల ఆగింది. తిప్పిన.
హుస్స్...
బయటికిడిసిన ఊపిరి కాదది,
లోపలికి గుంజుకున్నది.
బాయిల మునిగి తేలినోళ్ళు గుంజుకున్నట్టు.

"ఇన్నవా? గాలి లోపలికి పోతెనే
పెట్రోలు కిందికి దిగుతది.
మూతకు చిన్న బొక్క ఉంటది, జూడు."

బొక్క లేదు.
బొక్క మీద ఎర్రమన్ను గూడున్నది,
వేలుతోని అలికినంత నున్నగ.
ఎండకాలమంత కొట్టంల వడున్న బండి మీద
కందిరీగ కట్టుకున్నది.
గోరుతోని లేపితే లోపల
కదలని సాలీళ్ళు రెండు,
వాటి మీద వరిగింజంత తెల్లపురుగు.
తిండి వెట్టి, తలుపేసి పోయింది తల్లి.
దాని తలుపు కింద నా బండికి ఊపిరాడలే.

పగలకుంట తీసిన.
ఒడ్డు మీది రాళ్ళ సందుల వెట్టిన.
బతుకుతదో లేదో తెల్వది.

ఐదో సాలు ఆగలే.
ఆరోది ఆగలే.
"ఫోను కట్ జెయ్యకు" అన్నడు మామ,
"కొంగుల కట్టుకొని నడువు.
ఇంజన్ సప్పుడు ఇనక నెల దినాలాయె."
నడిసిన. తుంగ వాసన, పొగ వాసన,
నడుము మీద ఆయన నిశ్శబ్దం.
"కొంచెం రేసు తగ్గియ్యి" అన్నడొకసారి.
తగ్గిస్తే నిజంగనే సాఫుగ పోయింది.

తొమ్మిదో సాలు మలుపుకాడ
ఫోను చార్జింగ్ అయిపోయింది.

మోటరు డబ్బ దిక్కు జూసిన.
పొద్దుగాల నేను కోసింది
చార్జరు వైరే.