ఇతరములు – 1

ప్రార్థన అయ్యాక కాంపౌండు గోడ పక్కన
రాజారత్నం కారు డిక్కీ తెరిచాడు.
మామూలుగా అందులో పూతరేకులో ఎండు మెత్తళ్లో ఉంటాయి,
ముందే బేరం కట్టేసుకుంటాం.
ఈ శుక్రవారం అట్టపెట్టె.
టేపు కోస్తే కొత్త కాగితం వాసన,
ఇస్త్రీ కింద దిష్‌డాషా మీంచి
ఆవిరి లేచినట్టు లేచింది.

"మన వైపు యూనివర్సిటీ వాళ్లు అచ్చేశారు పిన్నీ,
ఈ ఏడాదివే. కవిత్వం ఒకటి, కథలు ఒకటి,
ఇంకోటి ఏదో సర్వే. ఏదైనా ముప్పాతిక దినారు."

ముప్పాతిక దినారంటే
మంగాఫ్ నుంచి రానూపోనూ బస్సు, ఒక టీ.

బేబీసరోజ కవిత్వం తీసింది.
పేజీకి నాలుగే లైన్లు.
"మిగతా జాగా ఎవరికి అద్దెకిచ్చాడే?"
అంటూనే ఒకటి పైకి చదివి
మళ్లీ లోపల్లోపల చదివి
ముక్కు తుడుచుకుని బ్యాగులో పెట్టేసుకుంది.
ఏ లైనని అడిగితే చెప్పలేదు.

నేను కథలు తిరగేశాను.
మొదటి కథలో కువైట్ ఆడమనిషి ఏడుస్తోంది.
మూడో కథలో ఏడుస్తోంది, పేరు మారింది.
ఎనిమిదో కథలో పెట్టెలో తిరిగొచ్చింది.
అబద్ధం అనను.
పోయినేడు అలాంటి పెట్టె కోసమే
ఈ గోడ పక్కన చందా పోగేశాం,
చిల్లర లెక్కపెట్టింది నేనే.
కానీ రచయిత గారూ,
ఏడుపుకీ ఏడుపుకీ మధ్య మనిషి ఏం చేస్తాది?
చేపల మార్కెట్లో జుబైదీ పొట్ట నొక్కి
"దీని కన్ను నీ కన్నులాగే నిద్రపోతోంది" అని
అరబ్బీలో వాణ్ణి కడిగేసిన మనిషి
ఏ పేజీలో ఉంది?
మేడమ్ వాళ్లమ్మకి (నేను మామ్మగారనే అంటాను)
పులుసులో చింతపండు అలవాటు చేసి
అది లేందే ఆవిడ ముద్ద ముట్టనంటే
వంటింట్లోకొచ్చి నవ్వుకున్న మనిషి?

మూడోది లావుపాటిది. అట్ట మీద బొమ్మ లేదు.
అన్నీ గళ్లు, శాతాలు.
పెట్టేయబోతూ నూట పద్నాలుగో పేజీ దగ్గర ఆగాను.

వలస రావడానికి ముఖ్య కారణం:
అప్పు తీర్చడం – 96
ఇల్లు కట్టుకోవడం – 53
పిల్లల చదువు – 41
భర్త తాగుడు లేదా భర్త మరణం – 21
(రెంటినీ ఒకే గడిలో వేశారు, తెలిసినవాళ్లే)
ఇతరములు – 1

ఆ ఒకటి నేను.

మూడేళ్ల కిందట, మహబూలా బస్టాపు.
ఇనుప బెంచీ మీద కూర్చోనివ్వని జూన్.
కళ్లద్దాల పిల్ల, క్లిప్పు అట్ట,
కాగితాలు ఎగరకుండా మోచెయ్యి అడ్డం.
"ఎందుకొచ్చారమ్మా ఇక్కడికి?"
గడులు ఒక్కొక్కటీ చదివింది.
అప్పు నాకూ ఉంది. ఇల్లు నేనూ కట్టాలి.
అయినా ఆవేళ నోట్లోంచి ఊడిపడింది వేరే.

మాది అంతర్వేదికి కాస్త ఇవతల.
వల దులుపుతున్న నాన్నని
"ఆ పక్కన ఏముంటాది?" అంటే
"నీళ్లు" అన్నాడు.
"నీళ్లకి ఆ పక్కన?" అంటే
మొట్టికాయ వేశాడు.

"సముద్రానికి అవతలొడ్డు చూద్దామని వచ్చానండి" అన్నాను.
ఇది ఆ సముద్రం కాదని
ఆ పిల్లకి తెలుసు. చెప్పలేదు.
పెన్ను గాల్లో ఆగింది.
నా బస్సొచ్చేసింది.

కొట్టెయ్యొచ్చు ఆ ఒక్కదాన్ని.
అప్పులో కలిపితే తొంభై ఏడు,
మొత్తం సరిపోయేది, అడిగేదెవరు?
కలపలేదు.
నా కోసం ఒక వరుస గీసి
చివర ఒక అంకెని నిలబెట్టింది.
అచ్చాఫీసులో ఎవరో దాన్ని దిద్దారు,
మిషను దాని మీదా ఒత్తింది,
దారంతో కుట్టారు,
కార్గోవాడు దానికీ బరువు కట్టాడు.

ముప్పాతిక దినారు ఇచ్చాను.
"సర్వే నీకెందుకు పిన్నీ?"
"అందులో నా కథుంది."
బేబీసరోజ లాక్కుని వెతికింది,
"ఎక్కడే, కనపడదే!"

వెనక్కి వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు.
సముద్రం రోడ్డుతోపాటు కొంత దూరం వచ్చి
బిల్డింగుల వెనక్కి పోయింది.
కనుబొమ్మల పెన్సిల్ తీసి
ఒకటి పక్కన, గడిలో పట్టేలా,
సన్నగా వీరవేణి అని రాశాను.
కుదుపుకి
ఇంటిపేరు గీత దాటిపోయింది.