దొంగ వరద

రాత్రి రెండుంబావుకి
పై తూము చక్రం పట్టుకున్నాను.
గ్రీజు వాసన. గబ్బిలాల రొద.
మాగడి రోడ్డు అవతల బెంగళూరు
ఇంకా నిద్రపోని బల్బుల కుప్ప.

వాన లేదు.
ఏప్రిల్ ఆకాశంలో మబ్బుతునక కూడా లేదు.
అయినా నేనిప్పుడు
అర్కావతికి వానొచ్చిందని చెప్పాలి.

అబద్ధానికి నాకిచ్చిన కొలత జానెడు.
గంటకి జానెడు చొప్పున ఎత్తి
తెల్లారేసరికి మెల్లమెల్లగా దించాలి.
"ఒక్కసారే దించితే
గుడ్లు ఒడ్డున ఎండిపోతాయండీ" అని
నాలుగుసార్లు చెప్పి వెళ్ళింది
చేపల మేడమ్ ఇందీవర.

అడుగు తూము ముట్టుకోవద్దంది.
అడుగు నీళ్ళు చల్లన, ఊపిరాడనివి.
పైనీళ్ళు ఎండ తాగినవి,
వాన రుచి వాటికే ఉంటుందట.
పదిహేడేళ్ళుగా నీళ్ళు వదులుతున్నాను.
రుచి సంగతి నాకెవరూ చెప్పలేదు.
నాకు తెలిసినవి లక్షల లీటర్లే.

కింద మడుగు దగ్గర
మునివెంకటప్ప టార్చి రెండుసార్లు ఆరి వెలిగింది.
అంటే, అందింది.

ఆయన కుడిచేతికి మూడే వేళ్ళు.
మిగిలిన రెండూ ఈ మడుగులోనే పోయాయి,
వయసులో ఉన్నప్పుడు,
తూటా వత్తి పొట్టిదై చేతిలోనే పేలినప్పుడు.
"ఆ పొద్దు తేలిన చేపలు రెండు గంపలు.
వేళ్ళు మాత్రం సిక్కలేదు సామీ,
మిగిలిన చేపలే తినుంటాయి.
బాకీ చెల్లు."
ఇప్పుడు మడుగుకి ఆయనే కాపలా.
తూటా జేబులో ఉన్నవాణ్ణి
నడకని బట్టి పోల్చుకుంటాడు.

పోయిన వేసవిలో అందరం రాళ్ళు మోశాం.
ఇసుక లారీలు గీకి వదిలేసిన ఏటికి
నిమ్మకాయంత, కోడిగుడ్డంత గులకరాళ్ళు
ట్రాక్టర్లలో తెచ్చి, కడిగి, పరిచాం.
దారినపోయే బైకువాడు ఆగి అడిగాడు,
"ఏటికి ఫ్లోరింగా?"
అవునన్నాడు మునివెంకటప్ప.
పురిటిగదికి.

మూడున్నరకి ఫోను.
లగ్గెరె నుంచి మా అక్క భాగ్యవతి.
వారానికి రెండుసార్లు, ఈ వేళకి వచ్చే నీళ్ళ కోసం
బిందెల పక్కన కూర్చుని ఉంటుంది.
"సన్నగా వస్తున్నాయిరా, దారంలాగ.
మీ డ్యాము వాళ్ళేం చేస్తున్నారు?"
ఏం చెప్పను?
చేపలకి అబద్ధమాడుతున్నానని
అక్కకి నిజం చెప్పనా?
"వాల్వు రిపేరు" అన్నాను.
ఒక్క రాత్రికి రెండు అబద్ధాలు.
రెండోదానికి ఎవరూ కొలత ఇవ్వలేదు.

తూర్పు తెల్లబడుతుంటే
సగం దించి, చక్రానికి గొలుసు వేసి
మెట్లు దిగాను.
మడుగు టీ రంగులో ఉంది.
నురగ, నురగలో కానుగపూలు.
మోకాళ్ళ లోతు నీళ్ళలో మునివెంకటప్ప,
వెనక్కి తిరక్కుండానే "ఉష్" అన్నాడు.

మేడమ్ కాగితాల్లో ఆ చేప పేరు
నా నాలుకకి తిరగదు.
ఆయనకి అది కెంపురెక్క.
మోచేతి పొడుగు ఆడచేప ఒకటి
మేం పరిచిన రాళ్ళకి పొట్ట రాసుకుంటూ
పక్కకి ఒరిగింది. వెనకాలే మగవి,
నీళ్ళకింద ఎవరో నిప్పులు ఊదుతున్నట్టు.

వాన రాలేదని వాటికి తెలుసేమో.
మట్టివాసన లేని వరద ఏం వరద?
తెలిసీ వచ్చాయేమో.
అది నేను అడగలేను.

మునివెంకటప్ప వేళ్ళు ముడుస్తున్నాడు.
నిరుడు మూడు దగ్గరే ఆగిన లెక్క.
నాలుగు.
అయిదు.
కాసేపు ఏమీ లేదు, ఒక్క తాబేలు తల.
ఆరు, ఏడు.
ఎనిమిది.
రెండు చేతులూ పిడికిళ్ళయ్యాయి.

తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపి
నా చిటికెనవేలు దొరకబుచ్చుకుని
మడిచాడు.

పైన తూము
ఇంకా నాలుగు వేళ్ళు దించాలి.
వెళ్ళాలి.
నా వేలు ఆయన దగ్గరుంది.